గుట్టవతల పడ్డ డబ్బా

పైకి పంపినోళ్ల ఫోటోలు పేపర్ల వస్తయి. కింద పడ్డదాన్ని ఏరుకచ్చేటోళ్లను ఎవ్వరడుగరు. నేను ఏరుకచ్చేటోన్ని. ఇరవై ఏండ్లకు పైగ బెలూన్ల కింద వేలాడి పోయిన దుర్భిణీలను చేన్లల్ల, చెరువులల్ల, అడవులల్ల ఎతికి జీపుల ఏసుకొచ్చిన. ఇప్పుడు ఈ పనిల చేరుతున్న పిల్లలు కలిసినప్పుడు "సార్, అప్పట్ల ఎట్ల చేసిండ్రు" అని అడుగుతరు. ఎట్ల చేసినమో చెప్తే మర్యాదకు వింటరు. ఎట్ల చెడగొట్టినమో చెప్తే చెవులు పెట్టి వింటరు. అందుకే నేను చెడగొట్టిన సంగతే చెప్త.

మాది సుల్తానాబాదు. బాపు మిషన్ బడిల వడ్రంగి. నేను ఐటీఐల ఫిట్టర్ నేర్చుకోని పట్నంల ఒక పరిశోధన సంస్థల మెకానిక్‌గ చేరిన. ఆకాశంల వేడిని చూసుడు ఆ సంస్థ పని. నాకు మొదట్ల అర్థం కాలే, చుక్కలను చూస్తరు గని వేడిని చూసుడేందని. తర్వాత వినుకుంట వినుకుంట తెలిసింది. చుక్కలు కొత్తగ పుట్టేకాడ దుమ్ము బాగ ఉంటది. ఆ దుమ్ము చుక్కల వెలుగును మింగి, వెచ్చబడి, ఆ వేడిని మల్ల బయటికి పంపుతది. అవే పరారుణ కిరణాలు. కొన్ని గెలాక్సీలైతే నిండా దుమ్మే. మామూలు దుర్భిణీల చూస్తే చిన్న మసక మరక. లోపట మాత్రం చుక్కల మీద చుక్కలు పుడుతుంటయి. ఆ కిరణాలను విడదీసి వరుసగ పరిచి చూస్తే లోపట ఏ వాయువున్నదో, అది ఎంత దూరంల ఉన్నదో చెప్పొచ్చు. కాని గాలిల ఉన్న తేమ ఆ కిరణాలను కిందికి రానియ్యదు. అందుకే దుర్భిణీని పెద్ద ప్లాస్టిక్ బెలూన్‌కు కట్టి, విమానాలు పోయే ఎత్తుకన్న ఎంతో పైకి పంపేటోళ్లు. చూసుడు అయినంక పొద్దుగాల రేడియోతోని బెలూన్‌ను తెంపితే, దుర్భిణీ పారాచూట్ మీద దిగేది. ఎక్కడ దిగాల్నో గాలి ఇష్టం. అక్కడికి పోయి తెచ్చుడు మా కష్టం.

ఎనభైల నడుమ ఒక చలికాలం. అప్పటికి నేను ఏరుకచ్చే జట్టుకు ఇంఛార్జిని. జట్టంటే ఎంత, నేను, కరీంనగర్ నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్, ఇద్దరు కూలీలు. ఆసారి మాతోని పరిశోధన చేస్తున్న ఒకామె కూడా వచ్చింది. కృష్ణా జిల్లా అమ్మాయి. నాకన్న పదేండ్లు చిన్నది, అయినా మేడం అనే పిలిచేటోన్ని. అప్పటికి రెండుసార్లు ఆమె పరికరం పైకి పోయింది. ఒకసారి బెలూన్ చినిగింది, ఒకసారి పరికరం మూత తెరుచుకోలే. ఇది మూడోసారి. ఈసారి కూడా ఏం దొరకకపోతే వేరే అంశం చూసుకోమని మా పెద్దసారు ఆమెకు ముందే చెప్పిండు. పెద్దసారంటే ఆ పని మొత్తానికి పెద్ద. వేరే రాష్ట్రమాయన, మాతోని ఇంగ్లీషుల మాట్లాడేటోడు.

సాయంత్రం బెలూన్ లేసింది. మేము జీపెక్కినం. తెల్లారేసరికి గోదావరి దాటి ఉట్నూర్ తొవ్వల ఉన్నం. జీపుల రేడియోల పట్నం నుంచి రెండు మాటలు వచ్చినయి. దుర్భిణీ ఉట్నూర్ అవతల దిగుతున్నది, ఇది మంచిమాట. ఆకరి మూడు గంటలు పైనుంచి సంకేతాలు నేలకు అందలే, ఇది చెడ్డమాట. ఆ మూడు గంటలల్లనే ఆమె పరికరం ఆమెకు కావాల్సిన గెలాక్సీని చూసింది.

"ఫర్వాలేదండీ, పైన టేపు రికార్డరు ఉందిగా, అందులో ఉంటుంది" అన్నది మేడం. ఆ మాటనే తొవ్వల మల్ల రెండుసార్లు అన్నది.

ఉట్నూర్ దాటినంక జీపు ఆపి ఆపి అడుక్కుంట పోయినం. ఒక గోండు గూడెం పక్కన జొన్న చేన్ల దుర్భిణీ పక్కకు ఒరిగి పడి ఉన్నది. మేము పోయేసరికే పోలీసు జీపు ఉన్నది. నక్సలైట్ల బాంబుల భయంతోని, అడవిల వైరు ముక్క కనవడితే ఠాణోళ్లు పరేషాన్ అయ్యే కాలం. ఇక్కడైతే వైర్లు, బ్యాటరీలు, మనిషంత అద్దం. ఎస్సై మా కాగితాలు చూసినంక జర నిమ్మలమైండు.

మేడం పరికరం చుట్టూ తిరిగింది. అద్దం బాగనే ఉన్నది. పరికరాన్ని చల్లగ ఉంచే సీసా పగల్లే. తర్వాత ఆమె వెనుకకు పోయి నిలవడిపోయింది. నేను పోయి చూసిన. టేపు రికార్డర్ డబ్బా ఉండాల్సిన కాడ ఖాళీ బిగింపులు ఉన్నయి.

"డబ్బా పోయిందా?" ఎస్సై వెనుక నుంచి అడిగిండు. "ఫికర్ చెయ్యకుండ్రి. దొంగలు దొరికిండ్రు."

జీపు పక్కన ఇద్దరు మనుషులు కూసోని ఉన్నరు. వాళ్ల తువ్వాలలతోనే వాళ్ల చేతులు కట్టిండ్రు. ఒకాయన గూడేనికి పెద్దయిన పటేల్ తమ్ముడు. వాళ్ల ముందట బెలూన్ ప్లాస్టిక్ చుట్ట ఉన్నది.

"గీ ప్లాస్టిక్ ఇండ్ల మీద కప్పుతందుకు కోసుకున్నరు. ప్లాస్టిక్ తీసుకున్నోళ్లు డబ్బా తియ్యరా? మీరు కంప్లైంట్ రాసియ్యిండ్రి, పొద్దుమీకేసరికి చెప్పిస్త" అన్నడు ఎస్సై.

పటేల్ అక్కడనే నిలవడ్డడు. తెల్ల మీసాలాయన. గొంతు లేపలే. "మాకు ఏం మాహితి లేదు సాయబు, ఏం ఎరుక లేదు. పడ్డది పడ్డట్టు ఉన్నది. ఠాణాకు కబురు పంపింది నేనే" అన్నడు.

ఇక్కడ ఒక మాట నిజం చెప్పాలె. నేను కాగితం తీసుకున్న. రాసుడు మొదలుపెట్టిన. ఎక్కడికి పోయినా పిల్లలు మర ఊడదీసుడు, పెద్దలు వైరు కోసుకునుడు నేను చూసినోన్ని. ఇది కూడా అసొంటిదే అనుకున్న. తేదీ ఏసిన, ఊరి పేరు రాసిన. "నాలుగు బోల్టులు ఊడదీసి" అని రాసే ముందు, నాలుగు ఊడదీసిండ్రో, రెండో చూద్దామని మల్ల పరికరం కాడికి పోయిన.

రెండు బోల్టులు బిగింపుల్లనే ఉన్నయి. నట్లు లేవు. పానతోని తిప్పితే రంగు గీసుకపోతది, అక్కడ రంగు కొత్తగనే ఉన్నది. మిగిలిన రెండు బోల్టుల కాడ రేకు చినిగి బయటికి వంగింది. కేబుల్ కొస చూసిన. మనిషి తీస్తే మర తిప్పి తీస్తడు. ఇది గుంజుకపోయింది, సూదులన్నీ ఒక్క దిక్కుకే వంగినయి. పారాచూట్ తెరుచుకున్నప్పుడు కొట్టే దెబ్బ ఎంతుంటదో నాకు తెలుసు. ఆ దెబ్బకు నట్లు ఊడొద్దనే, వాటి పొక్కలల్లకెళ్లి సన్న వైరు పెట్టి మెలేసి కడుతం. లాకింగ్ వైరంటరు. ఐదు నిమిషాల పని.

ఆ ఐదు నిమిషాలు నాకు యాదికొచ్చినయి. ముందురోజు పగటీలి మేడం ఉరికొచ్చి "టేపు మీద నాకు నమ్మకం లేదండీ, మార్చేద్దాం" అన్నది. డబ్బా దించి, టేపు మార్చి, మల్ల ఎక్కించి నాలుగు నట్లు బిగించిన. వైరు చుట్ట చేతికి తీసుకున్న. అప్పుడే క్రేన్ కాడ పిలిచిండ్రు. వైరు చుట్ట జేబుల ఏసుకోని పోయిన. తర్వాత తనిఖీ కాగితం చేతికి వచ్చింది. "రికార్డర్ డబ్బా, లాకింగ్ వైరు" అన్న గీత ఎదురుంగ టిక్కు పెట్టి సంతకం చేసిన. అలవాటు చెయ్యి చేసింది ఆ సంతకం. కండ్లు చెయ్యలే.



రాసిన కాగితం చింపి, ఎస్సై కాడికి పోయిన. "సార్, ఎవ్వలు తియ్యలే. మేము కట్టుడు చాతగాక అదే ఊడిపోయింది. వీళ్లను ఇడువుండ్రి" అన్న.

ఆయన నా మొకం చూసిండు. "ఎవరు కట్టిండ్రు?"

"నేనే."

"నీకేమన్న పిచ్చా? దొంగలు కళ్లముందట ఉంటే నీ మీద ఎందుకేసుకుంటవ్? మీ పెద్దాఫీసర్‌తోని మాట్లాడు పో."

ఉట్నూర్ పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ చేసిన. లైను దొరికేసరికి గంట పట్టింది. పెద్దసారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన నింపాదిగ మాట్లాడిండు. మూడోసారి కూడా మన తప్పుతోనే పోయిందంటే పైన కూసున్నోళ్లు ఈ పని బంద్ పెడుతరని చెప్పిండు. దొంగతనమంటే మన చేతుల లేనిది, ఎవ్వలేమనరు, కంప్లైంట్ రాసి సంతకం పెట్టుమన్నడు.

"నేను పెట్టను సార్."

"ఇది నా ఆర్డర్."

"ఇద్దరు మనుషులను కట్టేసి కూసోబెట్టిండ్రు సార్. నా వైరు నా జేబుల ఉన్నది."

నిజంగనే ఉన్నది. మాట్లాడుకుంటనే జేబుల చెయ్యి పెడితే తగిలింది. పెద్దసారు ఫోన్ పెట్టేసిండు.

డ్రైవర్ భాయ్ బయట జీపుకు ఒరిగి ఉన్నడు. "క్యా హువా భాయ్?" అన్నడు. చెప్పిన. తల గోక్కున్నడు. "చూడు భాయ్, పిల్లలున్నరు నీకు. నేనైతే సంతకం పెట్టేటోన్ని. పెట్టి, రేపు నమాజుల దేవునితోని మాట్లాడుకునేటోన్ని." కొంచెమాగి, "గని నువ్వు పెట్టకు. పెడితే నీతోని కూసోని చాయ తాగబుద్ధి కాదు నాకు" అన్నడు. ఆయన పద్ధతే అంత, రెండు దిక్కులా మాట్లాడేటోడు.

తిరిగి పోయేసరికి ఆ ఇద్దరినీ ఠాణాకు తీసుకపోయిండ్రు. కంప్లైంట్ లేకున్నా అనుమానం కింద రాసుకున్నరట. మేడం చేను గట్టు మీద కూసున్నది. ఆమెకు చెప్పుడు పెద్దసారుకు చెప్పినదానికన్న కష్టమైంది.

"టేపు మార్చమన్నది నేనే కదండీ" అన్నది.

"మార్చుమన్నరు మేడం. వైరు కట్టొద్దని అనలే."

అప్పుడు ఏడ్చింది. నేను పక్కకు తిరిగి నిలవడ్డ. ఏడ్సుడు అయినంక సంచిలకెళ్లి మ్యాపు తీసి గట్టు మీద పరిచింది. "తీసింది ఎవరూ కాకపోతే, ఎక్కడో పడి ఉండాలి కదా" అన్నది. ఆ మాట నాకు ఇంతసేపు తట్టలే. నా తప్పు ఎతుక్కునుడుల డబ్బాను ఎతుక్కునుడు మరిచిన.

పటేల్ మా మీదికి వంగి మ్యాపు చూసిండు. ఆయన వెనుక పత్తి ఏరే ఒక ముసలామె వచ్చి నిలవడి ఏదో చెప్పుకుంట చెయ్యి ఊపింది. నాకు అర్థమైంది ఒక్కటే ముక్క, "దోన్". మరాఠీల రెండని.

"రెండు పడ్డయంటున్నది" అన్నడు పటేల్. "పొద్దుగాల పత్తి చేన్ల ఉన్నదట. తెల్ల గొడుగు దిగుతుంటే చూసింది. దానికింద పెద్దది, పెద్దదానికి చిన్నది వేలాడుకుంట ఊగుతుండెనట. గుట్ట మీదికి వచ్చినంక చిన్నది తెగి అవతల పడ్డదంటున్నది."

"పోలీసోళ్లకు ఎందుకు చెప్పలే?" అన్న.

పటేల్ అడిగిండు. ఆమె నన్ను చూసి రెండు మాటలన్నది. పటేల్ తెలుగుల చెప్పిండు. "చెప్పిందట. చాటంత గంప నెత్తిన పెట్టుకున్న ముసల్దాన్ని, నా మాట ఎవలు వింటరు అంటున్నది."

మేడం లేచి ఆమె ముందట నిలవడి, "ఎటు ఊగింది అమ్మా? ఇటా, అటా?" అని చేతులతోని అడిగింది. ఆమె చేతులతోనే చూపింది. మేడం మ్యాపు మీద పెన్సిల్‌తోని ఒక గీత గీసింది, ఆ పొద్దటి గాలి లెక్క చూసి ఇంకొక గీత గీసింది. రెండూ గుట్ట అవతల వాగుల కలిసే ఒర్రె కాడ కలిసినయి.

నాకు సిగ్గనిపించింది పటేల్‌ను సాయమడుగుతందుకు. ఆయన తమ్ముడు ఠాణాల ఉన్నడు, నా మూలంగనే. అయినా అడిగిన. ఉన్న సంగతి మొత్తం చెప్పి అడిగిన.

"డబ్బా దొరికితే నా తమ్మున్ని ఇడుస్తరా?" అన్నడు.

"ఇడువాలె. దొరకకున్నా ఇడువాలె. నేను రాసిస్త" అన్న.

ఆయన గూడెం దిక్కు తిరిగి కేకేసిండు. ఇరవై మంది దాక వచ్చిండ్రు, ఆడోళ్లు, మొగోళ్లు. గుట్టెక్కి దిగి, చీకటి పడేదాక వెదురు పొదలల్ల చూసినం. దొరకలే. మరునాడు తెల్లారి మల్ల మొదలుపెట్టినం. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి ఒర్రెల బురదల సగం కూరుకపోయిన, డబ్బాకు చుట్టిన థర్మకోల్ మూట కనవడ్డది. చూసింది పటేల్ కోడలు. డబ్బా ఒక మూల నుజ్జయింది. రెండు చక్రాల టేపుల ఒక చక్రం నీళ్లు తాగింది. ఇంకొకటి పొడిగ ఉన్నది.

మేడం ఆ చక్రాన్ని చీరకొంగుల చుట్టుకోని జీపుల కూసున్నది. పట్నం దాక కింద పెట్టలే.

ఆ దినమే నేను ఠాణాల రాసిచ్చిన. డబ్బా ఊడుడు నా తప్పని, ఎవ్వల చెయ్యి లేదని. ఆ ఇద్దరినీ ఇడిసిండ్రు. పటేల్ తమ్ముడు నా దిక్కు చూడకుండ పోయిండు. చూడాల్సిన పని కూడా లేదు.

తర్వాత సంస్థల ఎంక్వైరీ ఏసిండ్రు. ముగ్గురు పెద్దమనుషులు, ఒక బల్ల, ముందట నా టిక్కు పెట్టిన కాగితం. వాళ్లు చెడ్డోళ్లు కాదు. నన్ను కాపాడుదామనే చూసిండ్రు. ఒకాయన, "గూడెపోళ్లు ముట్టుకోలేదని నువ్వు ఖాయంగ ఎట్ల చెప్తవ్? చెప్పలేనని రాయి, చాలు" అన్నడు. ఇంకొకాయన, "చివరి నిమిషంల టేపు మార్చుమని ఆ అమ్మాయి తొందర పెట్టింది కదా, ఆ మాటన్న రాయి" అన్నడు.

"తొందర పెడితే ఆగుమనాల్సింది నేను సార్. ఆగుమనుడే నా నౌకరి" అన్న. "గూడెపోళ్లు ముట్టుకోలేదని ఖాయంగ చెప్త. రంగు గీసుకపోలే."

మెమో ఇచ్చిండ్రు. ప్రమోషన్ ఆపిండ్రు. నన్ను జట్టులకెళ్లి తీసి స్టోర్ల ఏసిండ్రు. మూడేండ్లు నట్లు, బోల్టులు లెక్కపెట్టిన. అది శిక్షనో ఎకసెక్కమో నాకు ఇప్పటికీ తెల్వదు.

స్టోర్ల ఉన్నప్పుడే ఒకనాడు మేడం ఒక పొడుగు కాగితం పట్టుకోని వచ్చింది. గీతలు గీతలుగ గడ్డిపోచల లెక్క ఉన్నది. నడుమ ఒక్క కాడ కొంచెం ఉబ్బు. "ఇదండీ" అన్నది. "కార్బన్ వాయువు. ఉండాల్సిన చోటు నుంచి కొంచెం జరిగింది చూడండి, గెలాక్సీ అంత దూరాన ఉందన్నమాట." పొడిగ ఉన్న చక్రంల ఆ గెలాక్సీ కొన్ని నిమిషాలే దొరికింది. అది నిజం గీత కాదు, వట్టి అలికిడి, పరికరంల లొల్లి అని పెద్దసారు అన్నడట. ఆమె ఏడాదిపాటు లెక్కలు మల్ల మల్ల చేసి, ఆయనతోని పోట్లాడి, వ్యాసం అచ్చేయించుకున్నది. దాని ఆకరిల కృతజ్ఞతలు చెప్పేకాడ గూడెం పేరు రాస్తే పెద్దసారు కొట్టేసిండట. మల్ల రాసింది. మల్ల కొట్టేసిండు. మూడోసారి ఆయనకు చూపించకుండ పంపింది.

ఇంతటితోని అయిపోయిందనుకున్న. కాని ఏడాదిన్నర తర్వాత కరీంనగర్ బస్టాండ్ల డ్రైవర్ భాయ్ కలిసిండు. ఉట్నూర్ దిక్కు కిరాయికి పోయి వచ్చిండట. "భాయ్, పటేల్ తమ్మున్ని ఇంకా పిలుస్తున్నరు" అన్నడు. "ఎక్కడ చిన్న దొంగతనమైనా ఆ ఇద్దరినీ ఠాణాల కూసోబెడుతున్నరు. రిజిస్టర్ల పేర్లున్నయట."

ఆ వారం సెలవు పెట్టిన. ఉట్నూర్ దాక బస్సు, ఆడికెళ్లి జీపు. కొత్త ఎస్సై వచ్చిండు. నేను వచ్చిన పని చెప్తే నవ్విండు. "రిజిస్టర్ల ఒకసారి ఎక్కినంక ఉత్తగ కొట్టేస్తమా? అప్పుడు నువ్వు రాసిచ్చింది ఎక్కడున్నదో ఎవలకు తెలుసు? వాళ్లు తియ్యలేదని గవర్నమెంటు కాగితం ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది సార్" అని సంచిలకెళ్లి నా మెమో తీసి బల్ల మీద పెట్టిన. సంస్థ ముద్ర ఉన్నది, డైరెక్టర్ సంతకం ఉన్నది. ఫలానా మెకానిక్ నిర్లక్ష్యంతోని లాకింగ్ వైరు కట్టకపోవుడు వల్లనే డబ్బా ఊడిపోయిందని, అతన్ని తీవ్రంగ మందలిస్తున్నమని, ప్రమోషన్ ఆపుతున్నమని మూడు పేరాలల్ల ఉన్నది. ఆ ఇద్దరు మనుషులు నిర్దోషులని అంత మంచిగ రాసిన కాగితం ఇంకొకటి దొరకదు.

ఆయన రెండుసార్లు చదివిండు. రిజిస్టర్ తెప్పిచ్చిండు. ఆ రెండు పేర్ల మీద ఎర్ర సిరాతోని గీత కొట్టి, పక్కన సంతకం పెట్టిండు. నేను లేవలే. పేర్లు చదివి ఇనిపియ్యుమన్న. ఏమనుకున్నడో ఏమో, చదివిండు. రెండూ సరిగ్గనే ఉన్నయి.

మెమో నాకు తిరిగిచ్చుకుంట అన్నడు, "నీ తప్పు కాగితం నువ్వే సంచిల పెట్టుకోని ఊర్లు తిరుగుతున్నవు. సిగ్గనిపిస్తలేదా?"

"లేదు సార్" అన్న. "ఇంకొక కాపీ కూడా తెచ్చిన. మీ ఫైల్ల పెట్టుకోండ్రి."